పథ్యానికీ ఓ గడువు ఉండాలి

పేగు వాచే దీర్ఘకాలిక జబ్బులైన క్రోన్స్ వ్యాధో అల్సరేటివ్ కొలైటిసో అని తేలిన వారం తిరక్కుండానే వద్దుల జాబితా ఒకటి తయారవుతుంది. పాలు వద్దు, కారం వద్దు, గోధుమ వద్దు, పచ్చి కూరగాయలు వద్దు, గింజలు వద్దు, మాంసం వద్దు. తెలిసినవాళ్లు తలా ఒకటి చేరుస్తారు, ఇంటర్నెట్ ఇంకో పది చేరుస్తుంది. చేర్చేవాళ్లే తప్ప కొట్టేసేవాళ్లు ఉండరు. ఏడాది తిరిగేసరికి ఆ మనిషి నాలుగైదు చప్పటి పదార్థాల మీద బతుకుతుంటాడు. బరువు తగ్గుతుంది, రక్తం తగ్గుతుంది, కండ కరుగుతుంది. విరేచనాలు మాత్రం వచ్చినప్పుడల్లా వస్తూనే ఉంటాయి, ఎందుకంటే వాటి కారణం చాలాసార్లు ఆ జాబితాలో ఉండదు.

ఈ జబ్బులో ఏ పదార్థాన్నైనా మానేసే ముందు మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలన్నది నా వాదన. ఎందుకు మానేస్తున్నాం? ఎన్నాళ్లు? మేలు జరిగిందని దేన్ని చూసి చెబుతాం? వీటికి జవాబు లేని పథ్యం మొదలుపెట్టకపోవడమే నయం.

నొప్పి వేరు, వాపు వేరు

క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావొచ్చు, పేగు గోడ మందమంతటినీ దెబ్బతీయొచ్చు. చిన్నపేగు చివరి భాగంలో, అది పెద్దపేగులో కలిసే చోట ఎక్కువగా కనిపిస్తుంది. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు చివరి భాగమైన పురీషనాళంలో మొదలై పైకి పాకుతుంది, లోపలి పొరకే పరిమితమవుతుంది. రెండింట్లోనూ అసలు జబ్బు పేగు గోడలో వాపు. నొప్పి, ఉబ్బరం, గ్యాస్, ఆపుకోలేని విరేచనం ఆ వాపు వల్ల రావొచ్చు, వాపు ఏమీ లేకుండానూ రావొచ్చు. కొలనోస్కోపీలో పేగు శుభ్రంగా కనిపించినవాళ్లలో కూడా చాలామందికి ఐబీఎస్ (వాపు లేకుండానే నొప్పి, ఉబ్బరం తెచ్చే పేగు సమస్య) తరహా బాధలు మిగిలే ఉంటాయి.

తిండి ఈ బాధలను గంటల్లో పెంచగలదు, తగ్గించగలదు. వాపు తగ్గాలంటే మాత్రం వారాలు పడుతుంది, అదీ కొన్ని ప్రత్యేకమైన ఆహార పద్ధతులతోనే. ఈ తేడా మరిచిపోతే రెండు పొరపాట్లు జరుగుతాయి. ఉల్లిపాయ తిని పొట్ట ఉబ్బినవాడు జబ్బు తిరగబెట్టిందని హడలిపోతాడు. ఉల్లిపాయ మాని ఉబ్బరం తగ్గినవాడు జబ్బే తగ్గిందనుకుని మందు ఆపేస్తాడు. మొదటిదానితో పోయేది మనశ్శాంతి. రెండోదానితో పేగే పోవచ్చు.

తేడా తేల్చడానికి మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష ఉంది. వాపు ఉన్నచోట చేరే తెల్ల రక్తకణాల నుంచి వచ్చే ప్రొటీన్ అది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే మామూలు. 250 దాటితే వాపు చురుగ్గా ఉందని అనుమానించాలి. మధ్యలో ఉంటే కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా, పేగులో ఇన్ఫెక్షన్ ఉన్నా ఈ అంకె పెరుగుతుంది. ఒకే మనిషిలో కూడా ఒక పూటకూ ఇంకో పూటకూ మారుతుంది కాబట్టి, ప్రతిసారీ పొద్దున మొదటి విరేచనమే, అదే ల్యాబుకే ఇవ్వడం మంచిది. కొత్త పథ్యం మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఇంకోసారి ఈ అంకె చూడకుండా "ఈ పథ్యంతో నా పేగు మానింది" అనడానికి ఆధారం లేదు.

ఇప్పుడు తిన్నదాని తప్పు కాదు

తిన్న పది నిమిషాలకే పరుగెత్తాల్సి వస్తే, చేతిలో ఉన్న ముద్దే పడలేదని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ ముద్ద ఇంకా జీర్ణాశయం దాటలేదు. అక్కడి నుంచి చిన్నపేగు మీదుగా పెద్దపేగు చేరడానికే గంటలు పడుతుంది, బయటికి రావడానికి సాధారణంగా ఒకటి రెండు రోజులు. జీర్ణాశయం నిండగానే పెద్దపేగు ముడుచుకోవడం ఆరోగ్యవంతులకూ ఉన్నదే, డాక్టర్లు గ్యాస్ట్రోకోలిక్ రిఫ్లెక్స్ అంటారు. పురీషనాళం వాచి బిగుసుకుపోయినప్పుడు పట్టి ఉంచే సామర్థ్యం తగ్గి, అదే మామూలు కదలిక అర్జెంటుగా మారుతుంది. అప్పుడు మార్చాల్సింది పదార్థాన్ని కాదు, భోజనం తీరుని. ఒక్కసారి నిండుగా తినే బదులు ఐదారు సార్లు కొంచెం కొంచెంగా తినాలి, నూనె తగ్గించాలి, ఖాళీ కడుపున కాఫీ మానాలి. పెద్ద భోజనం, కొవ్వు, కాఫీ మూడూ ఈ రిఫ్లెక్స్‌ని గట్టిగా లేపుతాయి.

ఇంకో మోసం కాలం చేస్తుంది. ఈ జబ్బు తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మనిషి కఠినమైన పథ్యానికి దిగేది బాధ పరాకాష్ఠలో ఉన్నప్పుడు. అక్కడి నుంచి చాలాసార్లు ఎలాగూ కొంత దిగుతుంది, మార్కులు మాత్రం పథ్యానికి పడతాయి. "నేను ఫలానాది మానేశాను, నయమైంది" అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల దగ్గర పోల్చి చూడటానికి ఇంకేమీ లేదు, అంతే.

వాపును నిజంగా తగ్గించినవి

తిండితో వాపు తగ్గదని కాదు. పిల్లల క్రోన్స్‌లో మొదటి చికిత్సల్లో ఒకటి ఆహారమే. మామూలు తిండి పూర్తిగా ఆపి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఫార్ములా పాలు మాత్రమే తాగించే పద్ధతి అది. స్టెరాయిడ్లతో సమానంగా జబ్బును అణుస్తుంది, పేగు లోపలి పొరను వాటికన్నా బాగా మాన్పుతుంది, పిల్లల ఎదుగుదలను దెబ్బతీయదు. ప్రొటీన్‌ని ముక్కలు చేసిన ఖరీదైన ఫార్ములాకూ, మామూలు ఫార్ములాకూ ఫలితంలో తేడా కనిపించలేదు. కాబట్టి రుచి బాగున్నదాన్నే ఎంచుకోవచ్చు.

ఇది దెబ్బతినేది ఎక్కువగా అమలులోనే. మిల్లీలీటరుకు ఒక క్యాలరీ ఉండే ఫార్ములాతో రోజుకు 2000 క్యాలరీలు కావాలంటే రెండు లీటర్లు తాగాలి. మొదటి రోజే అంత పోస్తే వికారం, విరేచనాలు పట్టుకుంటాయి, అందుకే రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచుతారు. రెండో వారానికి రుచి మొహం మొత్తుతుంది. చల్లగా చేసి, మూత ఉన్న గ్లాసులో స్ట్రాతో తాగితే వాసన తగలదు. అప్పటికీ కాకపోతే ముక్కు గొట్టం ద్వారా ఇస్తారు. బాగా చిక్కిపోయి ఉన్నవాళ్లకు ఒక్కసారిగా పూర్తి క్యాలరీలు ఇస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. రక్త పరీక్షలు చూస్తూ పెంచాల్సిన వ్యవహారం ఇది, ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకూడదు. పెద్దవాళ్లలో కూడా పనిచేస్తుంది గానీ మధ్యలో వదిలేసేవాళ్లు ఎక్కువ. అల్సరేటివ్ కొలైటిస్‌లో వాపు తగ్గించే చికిత్సగా దీనికి చోటు లేదు.

పూర్తి ఫార్ములా కష్టమన్నవాళ్ల కోసం సగం ఫార్ములా, సగం ఎంపిక చేసిన మామూలు తిండి పద్ధతి వచ్చింది, దాని పేరు క్రోన్స్ డిసీజ్ ఎక్స్‌క్లూజన్ డైట్. కోడి మాంసం, గుడ్లు, బంగాళాదుంప, అన్నం, అరటి, యాపిల్ లాంటి కొన్నింటితో మొదలుపెట్టి, ఆరు వారాల తర్వాత మరికొన్ని కలుపుతారు. 2019లో వెలువడిన పిల్లల ట్రయల్‌లో 12వ వారానికి స్టెరాయిడ్లు లేకుండా రెమిషన్‌లో, అంటే జబ్బు సద్దుమణిగిన స్థితిలో, ఉన్నవాళ్లు ఈ పద్ధతిలో 75.6 శాతం, ముందు పూర్తి ఫార్ములా తాగి తర్వాత మామూలు తిండికి మళ్లినవాళ్లలో 45.1 శాతం. ఈ అంకెలో నాకు కనిపించేది ఏమిటంటే, ఫార్ములా ఆపి పాత తిండికి వెళ్లగానే లాభం కరిగిపోతోంది.

పెద్దవాళ్ల సంగతికొస్తే, ధాన్యాలు, చక్కెర, పాలు చాలావరకు నిషేధించే స్పెసిఫిక్ కార్బోహైడ్రేట్ డైట్‌కి ఏళ్ల తరబడి భక్తులున్నారు. 2021లో దాన్ని మెడిటరేనియన్ తరహా ఆహారంతో పోల్చారు. కూరగాయలు, పండ్లు, పప్పుధాన్యాలు, చేప, ఆలివ్ నూనె అందులో ముఖ్యం. క్రోన్స్ ఉన్న 194 మంది పాల్గొన్నారు. ఆరు వారాలకు లక్షణాలు తగ్గినవాళ్లు మొదటిదాంట్లో 46.5 శాతం, రెండోదాంట్లో 43.5 శాతం. తేడా లేనట్టే. రెండు గుంపుల్లోనూ రక్తంలో వాపును చూపే సీఆర్‌పీ తగ్గినవాళ్లు బహు కొద్దిమంది. అలాంటప్పుడు అన్నం, బ్రెడ్ అన్నీ మాని కష్టపడటం ఎందుకు? చేసుకోవడం తేలిక, గుండెకూ మంచిది కాబట్టి నా ఓటు రెండోదానికే.

ఎర్ర మాంసం గురించి పెద్ద ట్రయలే జరిగింది. రెమిషన్‌లో ఉన్న క్రోన్స్ రోగుల్లో వారానికి కనీసం రెండుసార్లు తిన్నవాళ్లకూ, నెలకు ఒకసారికి మించి తిననివాళ్లకూ జబ్బు తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొలైటిస్ కథ వేరు. అందులో ఎర్ర మాంసం, ప్రాసెస్ చేసిన మాంసం, మద్యం ఎక్కువగా తీసుకునేవాళ్లకు తిరగబెట్టడం ఎక్కువని 2004 నాటి ఒక పరిశీలన చెప్పింది. అది పరిశీలనే, ట్రయల్ కాదు. తగ్గించుకుంటే పోయేదేమీ లేదు గనుక తగ్గించమనే అంటాను. చేప నూనె మాత్రలు క్రోన్స్‌లో రెమిషన్‌ని కాపాడవని 2008లోనే తేలింది. చేప తినండి, మాత్రలకు డబ్బు పెట్టకండి.

పసుపు గురించి అడగనివాళ్లు ఉండరు. అందులోని కర్క్యుమిన్‌ని రోజుకు 3 గ్రాములు, పేగు వాపు తగ్గించే మెసలమిన్ మాత్రలతో కలిపి ఇస్తే అల్సరేటివ్ కొలైటిస్‌లో లాభం కనిపించిన చిన్న ట్రయల్ 2015లో వచ్చింది. కానీ లెక్క చూడండి. పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. 3 గ్రాములు కావాలంటే రోజుకు 100 గ్రాముల పసుపు మింగాలి. పాలల్లో అరచెంచా కలుపుకుంటే ఆ ట్రయల్ చేసినట్టు కాదు. క్యాప్సూల్స్ వాడదలిస్తే డాక్టరుకు చెప్పే వాడాలి, మిరియాల సారం కలిపిన వాటితో కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి.

ఇక ప్యాకెట్ తిండి. 21 దేశాల్లో 1,16,087 మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2021లో వచ్చింది. అతిగా ప్రాసెస్ చేసిన తిండి రోజుకు ఐదుసార్లు, అంతకు పైగా తీసుకునేవాళ్లలో, రోజుకు ఒక్కసారి కూడా తీసుకోనివాళ్లకన్నా ఐబీడీ (ఈ పేగువాపు జబ్బులు రెంటికీ కలిపి పేరు) వచ్చే అవకాశం 82 శాతం ఎక్కువని అందులో తేలింది. అనుమానం ముఖ్యంగా నూనె, నీళ్లు విడిపోకుండా కలిపే ఎమల్సిఫయర్ల మీద ఉంది. లేబుల్ మీద ఇ466 అంటే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, ఇ433 అంటే పాలిసార్బేట్ 80, ఇ407 అంటే క్యారగీనన్. మొదటి రెండూ ఎలుకల పేగు మీది జిగురు పొరను పలచన చేసి, సూక్ష్మజీవులను గోడ దగ్గరికి రానిచ్చాయి. వద్దుల జాబితాలో ఏదైనా గడువు లేకుండా ఉంచుకోవచ్చంటే అది ఇదొక్కటే అంటాను, ఎందుకంటే దీన్ని మానితే శరీరానికి అవసరమైనదేదీ తక్కువ కాదు.

పీచు మీద పడ్డ నింద

జబ్బు పెరిగినప్పుడు డాక్టరు పీచు తగ్గించమంటారు. విరేచనాల సంఖ్య, నొప్పి కొంత తగ్గుతాయి గనుక రెండు మూడు వారాలకు అది సబబే. చిక్కేమిటంటే, మళ్లీ తినమని ఎవరూ చెప్పరు. రెండు వారాల సలహా పదేళ్ల అలవాటవుతుంది. రెమిషన్‌లో ఉన్న క్రోన్స్ రోగుల్లో పీచు మానుకోనివాళ్లకు ఆరు నెలల్లో జబ్బు తిరగబెట్టే అవకాశం సుమారు 40 శాతం తక్కువని 2016 నాటి పరిశీలన చెబుతోంది. అల్సరేటివ్ కొలైటిస్‌లో ఇసబ్‌గోల్ గింజలు 10 గ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇచ్చినప్పుడు, ఏడాది పాటు రెమిషన్ నిలపడంలో మెసలమిన్‌కు దగ్గరగా నిలిచాయని 1999లో చూపారు. మెసలమిన్ మానేయమని దీనర్థం కాదు, అది 105 మందితో చేసిన చిన్న ట్రయల్. పీచు శత్రువు కాదని చెప్పడానికి మాత్రం చాలు. కరిగే పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తుంది, పెద్దపేగు లోపలి కణాలకు ప్రధాన ఆహారం అదే.

పీచుకు నిజంగా భయపడాల్సినవాళ్లు పేగు ఇరుకైనవాళ్లు. క్రోన్స్‌లో పదేపదే వాచి మానిన చోట మచ్చ కట్టి, చిన్నపేగు లోపలి దారి సన్నగా బిగుసుకుపోవచ్చు. చిన్నపేగును చూపే ఎంఆర్ ఎంటెరోగ్రఫీ స్కానులో అలా ఉందని తేలితే అప్పుడు జాగ్రత్తలు వేరు. ఇక్కడ కూడా సమస్య పీచు రసాయనంలో లేదు, ముక్క సైజులో, నమిలినా విడిపోని ఈనెల్లో, నీళ్లు పీల్చి ఉబ్బడంలో ఉంది. ఇరుక్కునే వాటిని చూస్తే తెలుస్తుంది: నారింజ తొనల పొర, పుట్టగొడుగులు, మొక్కజొన్న గింజలు, పాప్‌కార్న్, కొబ్బరి, ఎండు పండ్లు, నమలని పల్లీలు, యాపిల్, టమాటాల తొక్క, పీచు పీచుగా సాగే గట్టి మాంసం. ఇవే పదార్థాలు రూపం మారితే చాలావరకు దారిలో పడతాయి. పల్లీకి బదులు పలుకుల్లేని మెత్తటి పీనట్ బటర్. యాపిల్ అయితే తొక్క, గింజలు తీసి, కొంచెం నీళ్లతో మగ్గబెట్టి మెదపాలి. ఆకుకూర కాడలు తుంచేసి, ఆకు మాత్రం మెత్తగా ఉడికించి, మిక్సీలో తిప్పి, సన్నటి జల్లెడలో గరిటెతో రుద్ది వడకట్టాలి. జల్లెడలో మిగిలిన ఆ పచ్చటి నారే ఇరుకులో ఇరుక్కునేది, దాన్ని పారేయండి. కూరగాయ ఉడికిందో లేదో చూడటానికి ఫోర్క్ గుచ్చితే, బరువు పెట్టకుండా దిగిపోవాలి.

దంతాలు సరిగా లేనివాళ్లకు ముప్పు రెట్టింపు. నమలడం తగ్గితే ముక్క పెద్దదిగానే లోపలికి పోతుంది. పేగు ఇరుకు ఉన్నవాళ్లు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడాన్ని కూడా ఆహార చికిత్సలో భాగంగానే చూడాలని నా అభిప్రాయం. ఇసబ్‌గోల్ వీళ్లకు పనికిరాదు, అది ఉబ్బి దారి మూసేయగలదు. అలలు అలలుగా మెలిపెట్టే నొప్పి, పొట్ట ఉబ్బడం, వాంతులు, గ్యాస్ కూడా బయటికి పోకపోవడం కలిసి వస్తే తినడం ఆపి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. మలబద్ధకమనుకుని విరేచనకారి వేసుకోకూడదు.

వాపు లేదు, ఉబ్బరం ఉంది

క్యాల్‌ప్రొటెక్టిన్ మామూలుగానే ఉండి గ్యాస్, ఉబ్బరం బాధిస్తుంటే ఫాడ్‌మ్యాప్ అని పిలిచే, సులువుగా పులిసే చక్కెరల మీద దృష్టి పెట్టొచ్చు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఫ్రక్టాన్లు, సెనగలు, బీన్స్‌లో గెలాక్టాన్లు, పాలల్లో ల్యాక్టోజ్, తేనె, మామిడి, యాపిల్‌లో ఎక్కువైన ఫ్రక్టోజ్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో సార్బిటాల్. జబ్బు సద్దుమణిగినా పొట్ట బాధలు మిగిలిన 52 మందితో చేసిన ట్రయల్ 2020లో వచ్చింది. నాలుగు వారాలు వీటిని తగ్గించినవాళ్లలో 52 శాతం మందికి తగినంత ఉపశమనం దొరికింది, పోలిక కోసం ఉత్తుత్తి పథ్యం చేసినవాళ్లలో 16 శాతానికే. వాపు సూచికలు మాత్రం కదల్లేదు. పైగా పేగుకు మేలుచేసే కొన్ని బ్యాక్టీరియాలు తగ్గాయి. అందుకే ఇది నాలుగు నుంచి ఆరు వారాల పని. ఆ తర్వాత ఒక్కో గుంపునూ తిరిగి తెచ్చుకుని చూడాలి. ఫలితం కనిపించకపోయినా ఆపేయాలి, "ఇంకా కఠినంగా చేయాలేమో" అనుకోకూడదు.

వెల్లుల్లి రుచి లేకుండా బతకలేనివాళ్లకు ఒక చిట్కా. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. పొట్టు తీసిన రెబ్బలను నూనెలో వేయించి తీసి పారేస్తే రుచి నూనెలో ఉంటుంది, ఫ్రక్టాన్లు రెబ్బలతో పోతాయి. అదే రెబ్బను పులుసులో వేసి తీసేస్తే లాభం లేదు. ఆ నూనెను నిల్వ పెట్టకుండా అప్పటికప్పుడు వాడేయాలి. బయట ఉంచిన వెల్లుల్లి నూనెలో ప్రాణాంతకమైన విషం పుట్టించే బోటులిజం క్రిమి పెరిగే ప్రమాదం ఉంది.

గోధుమ మానితే బాగుందన్నవాళ్లలో చాలామందికి బాగు చేసింది గోధుమ ప్రొటీన్ అయిన గ్లూటెన్ లేకపోవడం కాదు, ఫ్రక్టాన్లు తగ్గడం. అయినా మానే ముందు సీలియాక్ (గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) రక్త పరీక్ష చేయించుకోవాలి. మానేశాక చేస్తే జబ్బు ఉన్నా లేనట్టే రావొచ్చు.

పాల విషయంలో భయం అనవసరంగా ఎక్కువ. 250 మిల్లీలీటర్ల గ్లాసులో ల్యాక్టోజ్ సుమారు 12 గ్రాములు. అది పడనివాళ్లలో కూడా చాలామంది ఆ మాత్రం భోజనంతో కలిపి తట్టుకోగలరు. పెరుగులో తక్కువ, గట్టి చీజ్‌లో దాదాపు ఉండదు. స్టెరాయిడ్లు వాడి ఎముకలు పలచబడుతున్న మనిషి కాల్షియం దొరికే తేలిక దారిని కారణం లేకుండా మూసుకోవడం నాకు నచ్చదు. మిరపకారం మంట పుట్టిస్తుంది, పరుగెత్తిస్తుంది, వాపు పెంచుతుందనడానికి సరైన రుజువు లేదు. పడితే తినొచ్చు. రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీలు చూసి పడనివి చెబుతామనే ప్యాకేజీ పరీక్షల జోలికి పోవద్దు. ఐజీజీ ఉందంటే ఆ పదార్థం తింటున్నారని అర్థం, పడటం లేదని కాదు. తరచుగా తినేవన్నీ అందులో "పడనివి"గా వచ్చేది అందుకే.

అల్సరేటివ్ కొలైటిస్‌లో ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. పురీషనాళం, దాని పైభాగం వాచి ఉంటే, మలం కుడివైపు పెద్దపేగులో పేరుకుపోతుంది. కింద రక్తం, జిగురు కొద్దికొద్దిగా పదిసార్లు పోతుంటుంది, పైన మలబద్ధకం. రోగి దాన్ని విరేచనాలనుకుని పీచు ఇంకా మానేస్తాడు, విరేచనాలు ఆపే మాత్ర వేసుకుంటాడు, ఉబ్బరం రెట్టింపవుతుంది. మామూలు ఎక్స్‌రే తీస్తే పేరుకున్న మలం కనిపిస్తుంది. ఇక్కడ చికిత్స నీళ్లు లాగి మలాన్ని మెత్తబరిచే మందు, కింద వాపుకు మెసలమిన్ సపోజిటరీ లేదా ఎనిమా. పథ్యం కాదు.

పేగు కొంత తీసేశాక

చిన్నపేగు చివరి భాగం తీసేసినవాళ్లకు మామూలు సలహాలు తిరగబడతాయి. పైత్య ఆమ్లాలను తిరిగి పీల్చుకునేది అక్కడే. ఆ భాగం పోతే అవి పెద్దపేగులోకి జారి నీళ్ల విరేచనాలు తెస్తాయి. అది జబ్బు తిరగబెట్టడం కాదు. ఆ ఆమ్లాలను పట్టేసుకునే కొలెస్టిరమిన్ పొడితో, కొవ్వు తగ్గించడంతో అదుపులోకి వస్తుంది. ఆ పొడి మిగతా మందులను కూడా పట్టేసుకుంటుంది, కాబట్టి వాటిని గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. 20 సెంటీమీటర్లకు మించి తీసేస్తే బీ12 ఇక తిండి నుంచి సరిగా అందదు, ఎన్ని గుడ్లు తిన్నా ఇంజెక్షన్ కావాల్సిందే.

పెద్దపేగు మిగిలి ఉన్నవాళ్లకు కిడ్నీలో ఆక్సలేట్ రాళ్ల బెడద కూడా ఉంటుంది. జీర్ణం కాని కొవ్వు కాల్షియాన్ని పట్టేసుకోవడంతో, దానికి అంటుకుని బయటికి పోవాల్సిన ఆక్సలేట్ ఒంటరిగా మిగిలి రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలోకి చేరుతుంది. పాలకూర, బీట్‌రూట్, బాదం తగ్గించి, కాల్షియం మాత్ర భోజనం మధ్యలో వేసుకోవాలి. పడుకునే ముందు వేసుకుంటే ఆ పని జరగదు.

పొట్ట మీద సంచి పెట్టిన ఇలియాస్టమీలో నీళ్ల విరేచనం ఎక్కువైతే దాహం వేస్తుంది, మంచినీళ్లు తాగేకొద్దీ ఇంకా పోతుంది. చప్పటి నీళ్లు చిన్నపేగు నుంచి ఉప్పును బయటికి లాగుతాయి. పండ్ల రసాల్లాంటి తీపి పానీయాలూ అంతే, అవి నీటిని లాగుతాయి. ఒక లీటరు నీళ్లలో 20 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపి రోజంతా కొంచెం కొంచెంగా తాగే ద్రావణాన్ని ఆస్పత్రుల్లో ఇందుకే ఇస్తారు. చెంచాలతో కాకుండా చిన్న తూకంతో కొలవాలి. ఉప్పు తగ్గితే పనిచేయదు, ఎక్కువైతే గొంతు దిగదు. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు డాక్టరును అడిగే తాగాలి.

తినాల్సిన జాబితా

వద్దుల గోలలో మరుగునపడేది ఇదే. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి, సద్దుమణిగాక 1 గ్రాము చాలు. 60 కిలోల మనిషికి ముందు దశలో 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములే, చప్పటి అన్నం మీద బతికే మనిషి దరిదాపుల్లోకి కూడా రాడు. ఇనుము విషయంలో దాని నిల్వను చూపే ఫెరిటిన్ అంకెను చదవడంలో పొరపాటు జరుగుతుంది. వాపు ఉన్నప్పుడు అది ఉత్తినే పెరుగుతుంది కాబట్టి లీటరుకు 100 మైక్రోగ్రాముల లోపున్నా లోపం అనుకోవచ్చు, వాపు లేనప్పుడు హద్దు 30. వాపు ఎక్కువగా ఉంటే ఇనుప మాత్ర పేగులో సరిగా ఇంకదు, సెలైన్‌లో ఎక్కించడం మేలు. సల్ఫసలజిన్, మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి.

మందులతో పొసగనివి నిజంగా కొన్ని ఉన్నాయి, ఈ జాబితా పొట్టిది. మెర్కాప్టోప్యూరిన్‌ను పాలతో కలిపి వేసుకోకూడదు, పాలల్లోని ఒక ఎంజైమ్ దాన్ని నిర్వీర్యం చేస్తుంది. పాలు తాగడానికి గంట ముందో, తాగిన రెండు గంటల తర్వాతో వేసుకుంటే సరి. బుడెసొనైడ్, ఉపాడాసిటినిబ్, టాక్రొలిమస్ వాడేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్ ముట్టుకోకూడదు, అది మందు మోతాదును రక్తంలో పెంచేస్తుంది. రోగనిరోధక శక్తిని అణిచే మందుల మీద ఉన్నవాళ్లు పచ్చి గుడ్డు, కాచని పాలు, సరిగా ఉడకని మాంసం మానాలి, అది ఇన్ఫెక్షన్ భయంతో.

ఒక పదార్థాన్ని పరీక్షించేటప్పుడు

మిగతావన్నీ మామూలుగా ఉన్న, జబ్బు సద్దుమణిగిన వారం ఎంచుకోండి. జబ్బు తిరగబెట్టినప్పుడు ఏం తిన్నా బాధే, అప్పుడు వచ్చిన తీర్పు చెల్లదు. అనుమానం ఉన్న పదార్థం ఒక్కదాన్నే రెండు వారాలు మానండి. పుస్తకంలో ఏం తిన్నారో మాత్రమే రాస్తే చాలదు. ఎంత తిన్నారు, ఎన్నిసార్లు వెళ్లారు, రాత్రి నిద్ర లేచారా, రక్తం పడిందా, నిద్ర, ఒత్తిడి, నెలసరి, ఆ రోజు మందు తప్పిందా కూడా రాయాలి. రాత్రి లేపే విరేచనం, రక్తం, జ్వరం తిండి వల్ల అనుకోకూడదు, వాటికి డాక్టరే. మూడో వారంలో దాన్ని తిరిగి తెచ్చుకోండి: పాలైతే మొదటి రోజు 60 మిల్లీలీటర్లు, రెండో రోజు 120, మూడో రోజు 250. తర్వాత మూడు రోజులు మళ్లీ ఆపి చూడాలి. తిన్నప్పుడు బాధ వచ్చి, ఆపినప్పుడు పోతే, ఇంకో నెల తర్వాత ఇంకొక్కసారి అదే చేయండి. రెండుసార్లూ అలాగే జరిగితే ఆ మోతాదు మీకు పడదని రాసుకోండి. 120 దాకా పడి 250కి పడకపోతే, మానాల్సింది పాలను కాదు, గ్లాసులో పై సగాన్ని.

ఆరు నెలల్లో ప్రయత్నించకుండానే ఒంటి బరువులో ఐదు శాతానికి మించి తగ్గితే, ఏ పరీక్ష సగంలో ఉన్నా ఆపేసి, మానేసినవన్నీ కాగితం మీద రాసి డైటీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. ఒక్కోదాని పక్కన ఎప్పుడు మానేశారో, ఎవరు చెబితే మానేశారో కూడా రాయండి. ఎవరు చెప్పారో గుర్తులేని వాటితోనే తిరిగి తినడం మొదలుపెట్టొచ్చు.